బడి మానుటకు కారణం

మా బడి చెడిపోయిందట!

తొమ్మిదేళ్ళుగా ఈ మాట వింటున్నాను. బస్సు దిగి బడికి నడిచే దారిలో విన్నాను. పాలకేంద్రం దగ్గర విన్నాను. "మా రోజుల్లో ఎట్టాంటి బడమ్మా అది! డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు, అమెరికా పోయారు. ఇప్పుడేవుంది, చెడిపోయింది" అని రామాలయం అరుగు మీద కూర్చునే పెద్దాయన చెబుతుంటాడు. ఆయన నన్ను తిట్టడు. నా మీద జాలిపడతాడు. ఒకరోజు వుండబట్టలేక "ఎప్పుడు చెడిపోయిందండీ?" అని అడిగాను. కాసేపు గుర్తు చేసుకుని, "మా పిల్లలంతా మానేశాక" అన్నాడు.

ఏ కపటమూ లేకుండా చెప్పాడు. బడి చెడటమంటే గోడ కూలటం కాదు. పంతులు రాకపోవటం కాదు. వాళ్ళు పోవటం, మేం మిగలటం. మేం ముట్టుకున్న నీళ్ళు చెడ్డాయి, మేం కూర్చున్న అరుగు చెడింది, ఇప్పుడు మేం చదివే బడి చెడింది. బావినయితే పసుపునీళ్ళు చల్లి శుద్ధి చేసుకున్నారు. బడిని శుద్ధి చేసుకోవటం కుదర్లేదు. వదిలేసి పోయారు.

పాత గుంటూరు జిల్లాలో, ఇప్పుడు పల్నాడు అంటున్న జిల్లాలో, ఒక మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాలలో నేను టీచర్ని. 2016లో చేరాను. మాదిగదాన్ని. అమ్మ వైపూ నాన్న వైపూ ఎంత వెనక్కి వెతికినా డిగ్రీ కాగితం చేత పట్టుకున్న మొదటి మనిషిని నేనే. గొప్ప కోసం చెప్పటం లేదు. ఈ సంగతి మాట్లాడే హక్కు నాకెక్కణ్ణించి వచ్చిందో చెబుతున్నాను.

పోయిన చలికాలంలో స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఒక ఫారం ఇచ్చారు. సి, డి గ్రేడుల్లో వున్న పిల్లల పేర్లు రాయాలి. పేరు పక్కన తరగతి, కులం, తెలుగు చదవటం, లెక్కలు. చివర రెండు గళ్ళు. "వెనుకబడుటకు కారణం", "తీసుకున్న చర్యలు". మా బడిలో పిల్లలు 31 మంది. ఎస్సీలు 23, ఎస్టీలు 5, బీసీలు 3, ఓసీ గడిలో సున్నా. ఆ ఫారంలో నేను ఎక్కించాల్సిన పేర్లు 17.

పక్కూరి బడి మాస్టారు టకటకా నింపేస్తున్నాడు. "కారణం ఏం రాస్తున్నారు సార్?" అని అడిగితే కాగితం నా వైపు తిప్పాడు. మొదటి పేరు దగ్గర "ఎస్సీ. తల్లిదండ్రులు నిరక్షరాస్యులు. శ్రద్ధ లేదు" అని రాసి, అక్కణ్ణించి పేజీ అడుగుదాకా డిటో గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. నా మొహం చూసి, "మిమ్మల్ని కాదు లెండి మేడం. మీరు వేరు" అన్నాడు.

నేను వేరట! మా అమ్మ వేలిముద్రే. మా నాన్న వేలిముద్రే. ఆ డిటో గుర్తుల వరసలో ఎక్కడో నేను కూడా వున్నాను. నా నౌకరీ చూసి ఆయన నన్ను ఆ వరసలోంచి బయటికి లాగాడు, అంతే. ఆ మాస్టారు చెడ్డమనిషేమీ కాదు. సంఘం సభల్లో ముందువరసలో వుంటాడు. సీపీఎస్ రద్దు కావాలని మాతోపాటు రోడ్డెక్కాడు. పీడితులు, తాడితులు అని మైకు పట్టుకుని మాట్లాడతాడు. కులం గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం డిటో.

నా చెయ్యి ఆడలేదు. ఆ గడిని నేను అంతకుముందే ఒకచోట చూసివున్నాను.

ఉద్యోగం వచ్చేముందు స్టడీ సర్టిఫికెట్ల కోసం మా వూరి బడికి పోయాను. హెడ్మాస్టరు అటక మీంచి పాత అడ్మిషన్ రిజిస్టర్ దింపించాడు. పెద్ద అట్టల పుస్తకం. నా పేరు వెతుక్కుంటుంటే ముందు మా అన్న పేరు తగిలింది. పేరు మీద అడ్డంగా ఎర్రసిరా గీత. ఆ ఎరుపు ఇటుకపొడి రంగులోకి మారివుంది. చివర "బడి మానుటకు కారణం" అనే గడిలో మూడు మాటలు. చదువుపై శ్రద్ధ లేదు.

అది 1993. చుండూరు జరిగి రెండేళ్ళు. అన్న మూడో తరగతి. మాయమ్మకు కాన్పు కష్టమయితే నాన్న ఒక ఆసామి దగ్గర రెండు వేలు తెచ్చాడు. బిడ్డ దక్కలేదు. అప్పు దక్కింది. ఆ అప్పు కింద అన్నను ఆ ఆసామి గొడ్లకాడ పెట్టారు. తొమ్మిదేళ్ళవాడు, వాడి కంటే ఎత్తుగా వుండే గేదెలు. నేను బళ్ళో చేరాక, మధ్యాన్నం కాలవకట్ట మీద గొడ్లను ఆపుకుని నాకోసం కాసుక్కూర్చునేవాడు. "ఇయ్యాల ఏం జెప్పారే?" అని అడిగేవాడు. నా పలక మీద రాయించుకునేవాడు. గుణింతాలు నేను నేర్చుకున్న మర్నాడు వాడు నేర్చుకున్నాడు. గొడ్లు చేలో పడితే దెబ్బలు తిన్నాడు. శ్రద్ధ లేదట వాడికి!

ఆ గేదెల పాలు తాగిన పిల్లలు మాత్రం మా బళ్ళో మొదటి బెంచీ మీద చాలా శ్రద్ధగా చదువుకున్నారు. ఎర్రసిరాతో గీత కొట్టిన పంతులికి సంగతి తెలీదా? తెలుసు. ఆయనింటికి పాలు పోసేది కూడా ఆ కొట్టం నుంచే. 'అప్పు కింద పాలేరుగా పెట్టారు' అని రాయటానికి ఆయన చెయ్యి రాలేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది మరి. నిజం రాస్తే ఆసామి నేరస్తుడవుతాడు. అబద్ధం రాస్తే మా అన్న నేరస్తుడవుతాడు. పంతులు ఎవర్ని ఎంచుకోవాలో ఎంచుకున్నాడు.

అందుకే ఇప్పుడు పనిచేసే బళ్ళో చార్జి తీసుకున్న నాడు నేను మొదట తెరిచింది అడ్మిషన్ రిజిస్టర్నే. 1962 నుంచి వుంది. సాయంత్రాలు పిల్లలు పోయాక ఒక్కో పేజీ చదివాను. ఊరి పేర్లు, పల్లె పేర్లు కలిసే వున్నాయి. ఊరి పేర్లు ఒకటిలో చేరి అయిదు దాటి హైస్కూలుకు పోతాయి. పల్లె పేర్లు ఒకటిలో చేరతాయి. రెండులోనో మూడులోనో ఎర్రగీత పడుతుంది. పేజీకి ఏడెనిమిది పల్లె పేర్లుంటే అయిదు దాటింది ఒకటో రెండో. "శ్రద్ధ లేదు." "దీర్ఘకాలం గైర్హాజరు." "తల్లిదండ్రుల ఇష్టం." అన్ని పేజీల్లో ఒక్కచోట కూడా 'ఆకలి' అని లేదు. 'కొట్టారు' అని లేదు. 'వెనక గోనెపట్టా మీద కూర్చోబెట్టారు' అని లేదు. సతారా బడికి చిన్నతనంలో తన గోనెపట్టా తానే మోసుకుపోయిన అంబేద్కర్ బతికి బయటపడి రాశాడు కాబట్టి ఆ సంగతి లోకానికి తెలిసింది. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా బళ్ళో పడ్డ అవమానాలు ఆయన చెప్పుకున్నాడు కాబట్టి తెలిశాయి. ఎర్రగీత కింద పోయినవాళ్ళు ఏం చెప్పుకుంటారు?

పెద్దాయన చెప్పే బంగారు కాలం ఇదే. డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చిన కాలం. అప్పుడు ఆ బడి ఫలితాలు ఎందుకు బాగున్నాయో ఇప్పుడు లెక్క కట్టండి. చదవలేని స్థితిలో వున్నవాణ్ణి రెండో తరగతిలోనే కొట్టేస్తే అయిదో తరగతిలో మిగిలినవాళ్ళంతా చదవగలిగినవాళ్ళే అవుతారు. గెలిచినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టి అందరూ గెలిచారన్నారు. ఆ రోజుల్లో బడి బాగుందంటే మేం లేని బడి బాగుందని.

రాజ్యాంగం 45వ అధికరణం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించమంది. 1960కి పూర్తి కావాల్సిన పని. 2002లో 86వ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. అంటే యాభై ఏళ్ళు బాకీ. ఆ చట్టం వచ్చాక ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లవాణ్ణి బళ్ళోంచి తీసెయ్యటానికి వీల్లేదు. ఎర్రసిరా సీసా మూత పడింది. మా పిల్లలు మొట్టమొదటిసారి అయిదో తరగతి దాకా కుప్పగా మిగిలారు. మిగిలేసరికి సగటు తగ్గింది. సగటు తగ్గేసరికి బడి చెడిందన్నారు. తగ్గింది సగటు కాదయ్యా, దాచిపెట్టిన లెక్క బయటపడింది!

ఇది కొత్త తెలివి కూడా కాదు. 1856లో ధార్వాడ ప్రభుత్వ బళ్ళో చేరతానని ఒక మహర్ కుర్రాడు అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈ ఒక్కణ్ణి చేర్చుకుంటే మిగతా కులాల పిల్లలంతా మానేస్తారు, బడి ఎవరికీ పనికిరాకుండా పోతుంది అని దాని వాదన. అంబేద్కర్ ఈ సంగతి తవ్వి బయటపెట్టాడు. నూటడెబ్బై ఏళ్ళ కిందటి మాట అది. అప్పుడు వాళ్ళు పోతారని మమ్మల్ని రానివ్వలేదు. ఇప్పుడు మేం వచ్చామని వాళ్ళు పోయారు. అప్పుడైనా ఇప్పుడైనా బడి విలువ కట్టేది మా పక్కన ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టే.

ఎట్లా పోయారో కూడా రిజిస్టర్లోనే వుంది. మొదట ఆసాముల పిల్లలు టౌను కాన్వెంట్లకు పోయారు. 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో బళ్ళో వేడి అన్నం వండి పెట్టటం మొదలయింది. వంటమనుషుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వమని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. మా బళ్ళో పల్లె ఆమె గరిట పట్టుకున్నాక క్యారేజీలు పెరిగాయి, తర్వాత టీసీలు పెరిగాయి. ఆ ఏళ్ళ టీసీల్లో కారణం "ఆంగ్ల మాధ్యమం కొరకు" అని రాసివుంది. ఆ తర్వాత వూళ్ళోకి పచ్చబస్సు వచ్చింది. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పదిహేను వేలు ప్రైవేటు బళ్ళ పిల్లల తల్లులకూ ఇచ్చారు. బీసీలు కూడా బస్సెక్కారు. పల్లెలో నాలుగు రాళ్ళు వెనకేసిన ఇళ్ళవాళ్ళూ ఎక్కారు. మిగిలింది ఎవరు? కూలికి పోతేనే పొయ్యి వెలిగేవాళ్ళు. యానాదులు. తండ్రి లేనివాళ్ళు. అమ్మమ్మ దగ్గర వదిలేసి హైదరాబాదు బేల్దారి పనికి పోయినవాళ్ళ పిల్లలు.

ఎస్సీ 23 అని ఒక్క గడిలో రాసేస్తాం. ఆ గడి విప్పితే మాలలు వేరు, మాదిగలు వేరు, రెల్లి వేరు. ఏ ఇంట్లో ఎన్నో తరం చదువో వేరు. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా అడిగింది ఆ గడిని విప్పమనే. సుప్రీంకోర్టు అవునని ఒప్పుకునేసరికి 2024 ఆగస్టు 1 వచ్చింది. బడి ఫారాల్లో ఆ గడి ఇంకా మూసే వుంది.

సరే, చదువు సంగతికి వద్దాం. నేను దాచను. మా పిల్లల్లో సగం మందికి పైగా వాళ్ళ తరగతి పుస్తకం వాళ్ళు చదవలేరు. ఇక్కడ మనవాళ్ళతోనే నాకు పేచీ వుంది. మార్కులు బ్రాహ్మణీయం, చదువు కొలవటమే కుట్ర అని టౌను హాల్లో మాట్లాడే మిత్రులు వున్నారు. వాళ్ళ పిల్లలు గడగడా చదువుతారు కాబట్టి వాళ్ళకు ఆ మాట నప్పుతుంది. చదవటం రాని పిల్లకు మందుసీసా మీద పేరు తెలీదు, వడ్డీ కాగితంలో ఏం రాశారో తెలీదు. 2022లో దేశమంతా జరిపిన అసర్ సర్వేలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 20.5 శాతం. 2018లో అది 27.3. నడుమ కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి. ఫోన్లో పాఠాలన్నారు. మా పల్లెలో ఫోను తండ్రితోపాటు పనికి పోయేది. 2024కి అది 27.1కి వచ్చింది, అంటే పోయింది తిరిగొచ్చింది అంతే. ఈ అంకెలు అబద్ధం కాదు. కారణం గడిలో రాసేదే అబద్ధం.

మరి కారణం ఏంది? మా బడికి ఫిబ్రవరిలో రండి. మిరపకోతల కాలం. తెల్లారకముందే ఆటోలు కదుల్తాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పోతారు. నాలుగో తరగతి పిల్ల చంకన పది నెలల తమ్ముణ్ణి ఎత్తుకుని వస్తుంది. వాడు ఏడిస్తే లేచిపోతుంది. వాడు నిద్రపోయినప్పుడు ఆమె చదువు. అయిదో తరగతి పిల్లలయితే కోతకే పోతారు. కిలోల లెక్కన కూలి కదా, చిన్నచేతులు కూడా కిలోలు కోస్తాయి. కళ్ళు మండుతూ వచ్చి మర్నాడు పరీక్ష రాస్తారు. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చినవాళ్ళ పిల్లలు చేలగట్ల మీద గుడారాల్లో వుంటారు. వాళ్ళు నా రిజిస్టర్లో లేరు. వాళ్ళ వూళ్ళో గైర్హాజరు. కాయ గుంటూరు యార్డు చేరి అక్కణ్ణించి దేశాలు పోతుంది. గైర్హాజరు మాత్రం పిల్ల ఖాతాలో పడుతుంది.

ఇక బడి లోపల. ఒకటి నుంచి అయిదు దాకా మొత్తం పద్దెనిమిది సబ్జెక్టులు. ఇద్దరం వుండాలి. రెండో టీచర్ని డెప్యుటేషన్ మీద వేరే బడికి పంపారు. ఆ బళ్ళో పిల్లలు ఎక్కువున్నారట. అక్కడ పిల్లలు ఎందుకు ఎక్కువున్నారో ఎవరూ అడగరు. పొద్దున్నే నా హాజరు ఫోన్లో ముఖం చూపించి వెయ్యాలి. పిల్లల హాజరు, గుడ్ల లెక్క, అన్నం ఫొటో. సిగ్నల్ కోసం నేను వేపచెట్టు కిందికి పోయినప్పుడు ఒకటో తరగతి బిడ్డ "టీచర్, నేను రాశా, చూడండి" అని పలక పట్టుకుని వెంటపడుతుంది. "వుండమ్మా" అంటాను. ఆ వుండమ్మాలన్నీ కూడితే ఆ బిడ్డ డి గ్రేడు అవుతుంది.

2022లో 117 జీవో తెచ్చారు. మూడు, నాలుగు, అయిదు తరగతులను ఎత్తి హైస్కూలుకు పంపారు. హైస్కూలు వూరికి అవతల, పెద్దరోడ్డు దాటాలి. ఎనిమిదేళ్ళ పిల్లల్ని లారీల మధ్య పంపలేక కొందరు మాన్పించారు. 2025లో ఆ జీవో పోయింది, మా తరగతులు మాకు తిరిగొచ్చాయి. మూడేళ్ళు ఎక్కడ పోయాయని ఎవరిని అడగాలి? ఇప్పుడు ఆ పిల్లల పేర్ల దగ్గరా "వెనుకబడుటకు కారణం" అడుగుతున్నారు.

ఇంగ్లీషు సంగతీ చెప్పాలి. 2019 నవంబరులో ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు తెలుగు చచ్చిపోతోందని ఎంతమంది ఏడ్చారు! 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేస్తే పండగ చేసుకున్నారు. ఆ ఏడ్చినవాళ్ళ పిల్లలు ఏ మీడియంలో చదివారో చెప్పమనండి. అమ్మభాష మీద ప్రేమ మా పల్లె పిల్లలే మొయ్యాలా? మాకు ఇంగ్లీషు కావాలి. కావాలనే అంటాను. కానీ ఎడమపేజీ ఇంగ్లీషు, కుడిపేజీ తెలుగు వున్న పుస్తకం చేతికిచ్చి, చెప్పే మనిషిని తీసుకుపోతే రెండు పేజీలూ బొమ్మలు చూసుకోటానికే. మీడియం ఇచ్చామని వీళ్ళు, తెలుగు కాపాడామని వాళ్ళు. టీచర్ని ఇవ్వమని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇవన్నీ వదిలేసి కులం గడి చూపిస్తారు. ఆ చూపించటమే పిల్లని ఏం చేస్తుందో కూడా ఒక లెక్క వుంది. కర్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ప్రపంచబ్యాంకు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక పరీక్ష పెట్టి 2004లో ప్రకటించారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు. కనుక్కున్నదానికి డబ్బులు. కులం మాట ఎత్తనప్పుడు పై కులాల పిల్లలూ కింది కులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. అందరి ముందూ పేరూ కులమూ చదివి పెట్టినప్పుడు కింది కులాల పిల్లలు వెనకబడ్డారు. అదే పిల్లలు, అదే తెలివి. నడుమ వచ్చింది ఒక్క పిలుపు. "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలు" అని నా చిన్నప్పుడు క్లాసులోకి వచ్చి పిలిచేవాళ్ళు. లేచి నిలబడ్డ నాకు ఆ పరీక్ష ఎవరూ వివరించక్కర్లేదు.

ఇప్పుడు నా వంతు. నన్ను నేను వదిలిపెట్టి వేరేవాళ్ళని అడిగితే ఇది రాయటం దండగ.

పోయిన జూన్‌లో బడిబాటలో ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఒకామె ఇద్దరు పిల్లల్ని ప్రైవేటు బస్సు ఎక్కించటానికి అప్పు చేయబోతోంది. "అప్పెందుకమ్మా, మన బళ్ళో వెయ్యి, నేను చూసుకుంటా" అన్నాను. ఆమె అంట్లు తోముతూనే, "మీ పాప ఏ బళ్ళో చదువుద్ది టీచరమ్మా?" అంది. కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. "టౌన్లో" అన్నాను. "అదేలే" అంది. ఇంకేం అనలేదు. నేను ముందిల్లు దాటి పక్కింటికి పోలేకపోయాను.

నా కూతురు రెండో తరగతి. టౌన్లో ప్రైవేటు బళ్ళో చదువుతోంది. రామాలయం పెద్దాయన పిల్లలు ఎక్కిన బస్సునే నా బిడ్డా ఎక్కింది. మా ఆయనతో పోట్లాడాను. "మనం పడ్డది చాలదా? దాని మీద కూడా ప్రయోగం చేస్తావా? నీ బళ్ళో నువ్వే వుంటే, నీ బిడ్డకు నువ్వన్నా పాఠం చెప్పగలుగుతున్నావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. రిజర్వేషన్‌తో నాలుగు మెట్లెక్కిన మేం మా పిల్లల్ని తీసుకుని పక్కకి జరుగుతున్నాం. ఆసాములు పోతే అది కులం, నేను పోతే అది తల్లిప్రేమ అనుకుంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టే. వచ్చే జూన్‌లో ఏం చేస్తానో నాకింకా తెలీదు. తెలిసినట్టు ఇక్కడ రాసి మీ చేత చప్పట్లు కొట్టించుకోను. కానీ ఒకటి తెలుసు. నా బిడ్డను వెయ్యటానికి భయపడే బడి పక్కవాళ్ళ బిడ్డకు చాలు అని నేను సంతకం పెట్టకూడదు.

అందుకని ఆ ఫారం డిటోలు పెట్టకుండా నింపాను. పదిహేడు పేర్లకూ పదిహేడు కారణాలు. "జనవరి నుంచి మార్చి దాకా మిరపకోత, 34 రోజులు రాలేదు." "తమ్ముణ్ణి చూసుకోవాలి, వూళ్ళో అంగన్‌వాడీ దూరం." "రోడ్డు దాటలేక రెండేళ్ళు మానింది." "రక్తం తక్కువ, మధ్యాన్నం భోజనమే మొదటి తిండి." "అయిదు తరగతులకు ఒక్కరే టీచరు." ఒక పేరు దగ్గర ఆగి, "ఈ బిడ్డకు చదవాలని వుంది. టీచరునైన నేను సమయం ఇవ్వలేదు" అని రాశాను. అది రాయటానికి చాలాసేపు పట్టింది.

ఫారం తిరిగొచ్చింది. గడి చిన్నది, ఒక్క మాటలో రాయండి, వివరాలు అవసరం లేదు అన్నారు. ఆన్‌లైన్లో ఎక్కించేటప్పుడు చూస్తే కారణాలు ముందే అచ్చేసి వున్నాయి. నిరక్షరాస్యులైన తల్లిదండ్రులు, గైర్హాజరు, శ్రద్ధ లేకపోవుట, ఇతరములు. పంతులు పోయాడు, ఎర్రసిరా పోయింది, ఆ గడి మాత్రం యంత్రంలోకి ఎక్కి కూర్చుంది. పదిహేడు పేర్లకూ "ఇతరములు" నొక్కాను. చేత్తో రాసిన ఫారం నకలు బళ్ళో ఫైల్లో పెట్టాను. నా తర్వాత వచ్చే టీచరు ఎవరో ఒకరు తెరవకపోరు.

ఇది చదివే విద్యార్థులకూ సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేసి వచ్చేటప్పుడు మీ వూరి బడికి పొండి. అడ్మిషన్ రిజిస్టర్ అడగండి. ఇవ్వనంటే సమాచార హక్కు చట్టం 2005 నుంచి వుంది. చివరి గడి చదవండి. మీ నాన్న పేరుంటుంది, మీ మేనత్త పేరుంటుంది. శ్రద్ధ లేదు అని రాసివుంటుంది. ఇంటికొచ్చి వాళ్ళని అడగండి, అసలేం జరిగింది అని. వాళ్ళు చెప్పింది రాయండి. ఊరూరా రాయండి. మా బళ్ళను ఎవరు చెడగొట్టారో అప్పుడు తేలుద్ది. పిల్లల్ని లెక్కపెట్టి టీచర్లను కాదు, అవసరాన్ని లెక్కపెట్టి టీచర్లను ఇవ్వమని అడగటానికి చేతిలో కాగితం వుంటుంది.

నేను మా అన్నను అడిగాను. ఇప్పుడు వాడికి నలభై దాటింది. ఆటో తోలుతున్నాడు. ఆటో వెనక వాడి పిల్లల పేర్లు వాడే రాసుకున్నాడు. ముప్పయ్యేళ్ళ నాటి ఆ మూడు మాటల సంగతి నేను ఇన్నాళ్ళూ వాడికి చెప్పలేదు. చెప్పాను. "ఆ గడిలో నన్ను రాయమంటే ఏం రాయాలన్నా?" అన్నాను. చాలా రాయాల్సి వస్తుందేమో, గడి చిన్నది అని కూడా అన్నాను.

కాసేపు రోడ్డు వైపు చూసి, "అప్పు అని రాయి అమ్మాయ్. రెండక్షరాలేగా, పడతయ్యి" అన్నాడు.